డిటెక్టర్‌ను గుడ్డిదాన్ని చేస్తే

ఒరేయ్ రఘూ,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా బుర్రలోనే తిరుగుతోంది. "క్వాంటం క్రిప్టోగ్రఫీకి ప్రకృతి నియమాలే కాపలా, ఇక హ్యాకింగ్ ఎక్కడిది?" అన్నావు. కాగితం మీద నిజమే. 1984లో బెన్నెట్, బ్రసార్డ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతిలో ఒకరు ఇంకొకరికి ఫోటాన్లు, అంటే వెలుతురు కణాలు, పంపి ఇద్దరికీ ఒకే కీ (సందేశాలకు వేసే రహస్య తాళంచెవి) తయారుచేసుకుంటారు. దొంగ మధ్యలో ఆ ఫోటాన్లను కొలిస్తే తప్పులు పెరిగి దొరికిపోతాడు. కానీ ఫోటాన్ వచ్చిందని మనకు చెప్పేది డిటెక్టరే కదా! లొసుగు అక్కడుంది.

చాలా యంత్రాల్లో వాడేది అవలాంచ్ ఫోటోడయోడ్. బ్రేక్‌డౌన్ వోల్టేజ్ (డయోడ్ తట్టుకునే హద్దు) కంటే కాస్త ఎక్కువ ఇచ్చి ఉంచితే, ఒక్క ఫోటాన్ తగిలినా ఎలక్ట్రాన్లు వరదలా పుట్టుకొచ్చి క్లిక్ వస్తుంది. దొంగ దాని మీదికి ఆగకుండా గట్టి వెలుతురు పంపాడనుకో. కరెంటు పెరిగి, సర్క్యూట్‌లోని రెసిస్టర్ వల్ల డయోడ్ మీద వోల్టేజ్ పడిపోతుంది. ఇక ఒంటరి ఫోటాన్ దానికి కనపడదు. మామూలు లైట్ సెన్సర్ అయిపోతుంది, వెలుతురు ఒక హద్దు దాటితేనే క్లిక్ అంటుంది.

ఇక్కడ నిదానంగా చదువు, నాకు రెండుసార్లు చదివితే గాని ఎక్కలేదు. దొంగ వచ్చే ఫోటాన్లను తనే కొలిచి, తనకొచ్చిన జవాబుతో ఆ హద్దును కొద్దిగా దాటే పల్స్ పంపుతాడు. అందుకునేవాడు అదే బేసిస్ (ఫోటాన్‌ను కొలిచే తీరు) ఎంచుకుంటే పల్స్ మొత్తం ఒకే డిటెక్టర్ మీద పడి క్లిక్ వస్తుంది. వేరేది ఎంచుకుంటే సగం సగంగా చీలిపోయి ఏదీ మోగదు. తప్పుడు క్లిక్కులే లేనప్పుడు తప్పుల శాతం ఎందుకు పెరుగుతుంది? ఇద్దరి దగ్గరా ఒకే కీ ఉంటుంది, దొంగ దగ్గర కూడా!

2010లో లైడర్సన్, మకరోవ్‌ల బృందం మార్కెట్లో ఉన్న రెండు కంపెనీల యంత్రాల మీద ఈ బలహీనతను చూపించింది. మరుసటి ఏడాది సింగపూర్‌లో 290 మీటర్ల ఫైబర్ మీద కీ మొత్తం ఎత్తేసి చూపించారు. అది చదివాక నిజంగా టెన్షన్ వచ్చింది. అలాగని వాళ్ల మీద కోపం లేదురా, ఇలా పగలగొట్టి చూపేవాళ్లు లేకపోతే ఆ గుడ్డితనం మనకు తెలిసేదే కాదు.

కరెంటును గమనిస్తూ ఉండటం లాంటి మందులున్నాయి, కానీ అవి ఒక్కో దాడికి ఒక్కో అతుకు. నాకు బాగా నచ్చింది 2012లో హోయి-క్వాంగ్ లో, మార్కోస్ కర్టీ, బింగ్ చీ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించినది. ఇద్దరూ ఫోటాన్లను మధ్యవర్తికి పంపుతారు. అతను రెండింటి మధ్య సంబంధాన్ని మాత్రమే కొలిచి బయటకు చెబుతాడు, కీలోని బిట్లు (0, 1లు) అతనికి తెలియవు. డిటెక్టర్లు దొంగ చేతిలోనే ఉన్నా ఫర్వాలేదు! పంపే లేజర్లను మాత్రం ఇంకా నమ్మాల్సిందే. ఆ లేజర్ల సంగతే ఇప్పుడు చదువుతున్నాను, వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ
శ్రీను