ఐపీ పెట్టేలోపు ఉన్న దారులు జనానికి తెలియాలి

సంపాదకుడికి,

అయ్యా! మీ పత్రికలో బ్యాంకుల స్వాధీన ప్రకటనలు తరచూ చూస్తున్నాం. ఫలానా సర్వే నంబరు, ఇన్ని గజాలు, ఇంత బాకీ అని అచ్చవుతుంది. అది అచ్చయ్యేసరికి వాయిదా తప్పి కనీసం అయిదు నెలలు గడిచి ఉంటాయి. 90 రోజులు దాటి బకాయి ఉంటే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి అవుతుంది. ఆ తర్వాత, కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలును బ్యాంకుకు ఇచ్చే సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(2) కింద నోటీసు ఇచ్చి, 60 రోజులు ఆగాకే స్వాధీనం. ఈ అయిదు నెలల్లో బాకీదారుకు దారులు చాలానే ఉంటాయి. మన విజయవాడ, గుంటూరుల్లో మాత్రం మొదటి రెండు నెలలు బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వాయిదా కడతారు, మూడో నెల బ్యాంకు ఫోన్ ఎత్తరు, ఆపైన "ఐపీ పెట్టేద్దాం", అంటే దివాలా పిటిషన్ వేద్దాం అంటారు. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 12 శాతం బ్యాంకు బాకీని 36 శాతం ప్రోనోటు కిందకు మార్చుకుంటే నిలదొక్కుకునే కుటుంబం కూడా మునిగిపోతుంది.

ఆదాయం తగ్గింది గానీ ఆగిపోలేదు అనుకునేవారు ముందు అడగాల్సింది గడువు పెంపు. ఆరు లక్షల బాకీ, 12 శాతం వడ్డీ, ఇంకా 36 నెలలు ఉంటే నెల వాయిదా సుమారు 19,930. దాన్ని 60 నెలలకు పెంచితే సుమారు 13,350కి దిగుతుంది. మొత్తం మీద వడ్డీ 83 వేల పైచిలుకు ఎక్కువ పడుతుంది. అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలో రీస్ట్రక్చర్ (షరతులు మార్చిన రుణం) అయినట్టు నమోదవుతుంది. అయినా ఇల్లు, షాపు నిలబడతాయి. దరఖాస్తు నోటిమాటగా కాదు, కాగితం మీద ఇవ్వాలి. ఆదాయం ఎందుకు తగ్గింది, ఇప్పుడు నెలకు ఎంత కట్టగలరు అన్నది రాసి, ఆరు నెలల స్టేట్‌మెంటు, వ్యాపారులైతే జీఎస్టీ రిటర్నులు జతచేసి, రెండో కాపీ మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఇదంతా 90 రోజులలోపే జరగాలి. ఎన్‌పీఏ అయ్యాక ఒకటి రెండు వాయిదాలు కట్టినా ఖాతా మామూలు స్థితికి రాదు, అప్పటిదాకా తప్పిన వాయిదాలన్నీ వడ్డీతో సహా తీరాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ఆటోనగర్‌లో ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న యూనిట్ల యజమానులకు ఇంకో హక్కు ఉంది. 25 కోట్ల వరకు రుణాలున్న యూనిట్ల పునరుద్ధరణకు 2016 మార్చిలో రిజర్వు బ్యాంకు ఒక విధానం పెట్టింది. దాని కింద యజమానే ముందుకొచ్చి దరఖాస్తు చేయవచ్చు. అయితే ఉద్యమ్ సర్టిఫికెట్ మొదట్లోనే బ్యాంకుకు ఇవ్వాలి. సర్ఫేసీ చర్యలన్నీ ముగిశాక చూపిస్తే చెల్లదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆదాయం తిరిగి రాదని తేలి, ఒక స్థలమో బంగారమో అమ్మి కొంత సొమ్ము తేగలిగితే వన్ టైమ్ సెటిల్‌మెంట్, అంటే బ్యాంకుతో బేరమాడి తగ్గించిన మొత్తం కట్టి బాకీ ముగించుకోవడం. అసలెంత, వడ్డీ ఎంత, పీనల్ (జరిమానా) చార్జీలెంత అని బ్యాంకు నుంచి విడివిడిగా లెక్క తీసుకుని బేరం మొదలుపెట్టాలి. మంజూరు లేఖ చేతికి రాకుండా రూపాయి కట్టొద్దు. కట్టేది రుణ ఖాతాకే, ఏజెంటు చేతికి కాదు. జామీనుదార్ల విడుదల, చెక్ బౌన్సు కేసుల ఉపసంహరణ ఆ లేఖలోనే ఉండాలి. గడువు తప్పితే ఇచ్చిన రాయితీ రద్దయి పాత బాకీ మొత్తం మళ్లీ మీద పడుతుంది. అందుకే అమ్మే స్థలానికి కొనేవాడు ఖాయమయ్యాకే గడువు ఒప్పుకోవాలి. సిబిల్‌లో "సెటిల్డ్" అన్న మాట ఏళ్ల తరబడి ఉంటుంది. వ్యవసాయేతర రుణమైతే అదే సంస్థ మళ్లీ అప్పివ్వడానికి కనీసం 12 నెలలు ఆగాలి. సొమ్ము కట్టిన 30 రోజుల్లో దస్తావేజులు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం) తీయించి తనఖా తొలగిందో లేదో చూసుకోవాలి. ఈ చివరి పని మరిచిపోయి, పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోతే ఇబ్బంది పడేవారు ఎందరో.

లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, అప్పీలు ఉండదు. కట్టలేని వాయిదాకు తలూపితే నేరుగా ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేస్తారు.

ఇక ఐపీ. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే ఈ పిటిషన్ మీద మన ప్రాంతంలో ఉన్నన్ని అపోహలు దేని మీదా లేవు. పిటిషన్ వేసినంత మాత్రాన బాకీ పోదు. దివాలాగా కోర్టు ప్రకటించాక ఆస్తి కోర్టు తరఫున దాన్ని చూసే రిసీవర్ చేతికి వెళ్తుంది. అప్పులు రద్దు కావాలంటే కోర్టు చెప్పిన గడువులో డిశ్చార్జికి (బాకీల నుంచి విముక్తికి) మళ్లీ దరఖాస్తు చేయాలి. అది చేయకపోతే దివాలా ఉత్తర్వే రద్దవుతుంది. తనఖా ఉన్న బ్యాంకు హక్కును ఐపీ ఆపలేదు. జామీనుదారు బాధ్యతా తప్పదు. భార్య పేరనో బావమరిది పేరనో ఆస్తి రాసిచ్చి రెండేళ్లలోపు దివాలా తీస్తే, ఆ బదిలీని కోర్టు కొట్టేయవచ్చు. చేబదుళ్లే ఎక్కువై, తనఖా ఆస్తి లేక, నిజంగానే చేతులెత్తేసిన వారికి ఇది పనికొస్తుంది. ఇల్లు బ్యాంకు తనఖాలో ఉన్నవారికి దీనివల్ల ఖర్చు తప్ప ఒరిగేది తక్కువ.

13(2) నోటీసు అందినవారు మౌనంగా ఉండకూడదు. రాతపూర్వక అభ్యంతరం ఇస్తే 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలి. స్వాధీనం తీసుకుంటే 45 రోజుల్లో డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కు) వెళ్లవచ్చు. బాకీ తీర్చి ఆస్తి విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడే వరకే.

ఇవన్నీ ఇంగ్లిషు నోటీసుల్లో, న్యాయవాదుల దగ్గర ఉండిపోతున్నాయి. ప్రతి బ్రాంచిలో వడ్డీ రేట్ల బోర్డు పక్కనే గడువు పెంపు, సెటిల్‌మెంట్ దరఖాస్తు ఎవరికివ్వాలో, ఎన్ని రోజుల్లో జవాబొస్తుందో తెలుగులో రాసిపెట్టాలి. 13(2) నోటీసుతో పాటు తెలుగులో ఒక పేజీ వివరణ జతచేయాలి. విజయవాడ, గుంటూరు కోర్టు ప్రాంగణాల్లో వారానికొక రోజు బాకీదార్ల కోసం న్యాయసేవా సంస్థలు సలహా కేంద్రం నడపాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చన్న మాట, రిజర్వు బ్యాంకు 14448 నంబరు, స్వాధీన ప్రకటనలు వేసే పేజీలోనే మీరూ అచ్చువేయాలని కోరుతున్నాను.

– ఓ విశ్రాంత బ్యాంకు అధికారి,
సత్యనారాయణపురం, విజయవాడ