ఒప్పుకుంటే కేసు అయిపోయినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న టీవీలో వచ్చిన క్రైమ్ సీరియల్ ఎపిసోడ్‌ని మీ పేపర్లో తెగ మెచ్చుకున్నారు. యాక్టింగ్ వరకు నాకూ ఏం పేచీ లేదండి. ఆ తల్లి వేషం వేసినావిడ మార్చురీ దగ్గర ఏడవనే ఏడవదు, కానిస్టేబుల్ కూతురి వస్తువులన్నీ చదివి సంతకం పెట్టమంటే "పట్టీలు రెండుండాలి బాబూ, ఒకటే రాసినారేటి" అంటాది, అంతే, మా ఇంటావిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మన యాసని కమెడియన్లకి తప్ప ఇవ్వరు కదా, ఇన్నాళ్లకి ఒకావిడ దాంతో గుండె పట్టీసింది.

మరి ఆవిడ్ని పెట్టుకుని రాసినాయన చేసిందేటి? విశాఖ ఎస్ఐ రాత్రికి రాత్రి ఒడిశాలో ఉన్న బరంపురం వచ్చీసి, ఆ కూతురి కేసులో అనుమానం మీద ఒక కుర్రాడ్ని కాలర్ పట్టుకుని జీపెక్కించీసేడు, అక్కడి స్టేషన్‌కి కబురు లేదు, మేజిస్ట్రేటు లేడు, ట్రాన్సిట్ రిమాండ్, అంటే పట్టుకున్నవాడ్ని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి అక్కడి కోర్టు ఇచ్చే అనుమతి, ఆ మాటే లేదు. (బరంపురం అని చూపించిన వీధిలో ఒక్క ఒడియా బోర్డు లేదు, అది వదిలీండి.) మా పర్లాకిమిడిలో మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా, ఆ కాస్త దూరానికే పోలీసులు ఎన్ని కాయితాలు రాసుకుంటారో నేను చూసినవాడినే, వకీలు గారి దగ్గర గుమాస్తాగా ఇరవై ఏళ్లు చేశాను.

ఇంకా పెద్ద తప్పు చివర్లో ఉంది. స్టేషన్లో నాలుగు దెబ్బలు పడగానే కుర్రాడు ఒప్పుకుంటాడు, ఎస్ఐ ఫైలు మూసీసి కేసు క్లోజ్ అంటాడు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదండి, 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అదే చెప్పింది, దాని బదులు 2024 జూలై నుంచి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో 23వ సెక్షనూ అదే చెప్తోంది. చెప్పిన చోట కత్తో నగో దొరికితే ఆ ముక్క మటుకు పనికొస్తాది. నిజంగా ఒప్పుకోవాలంటే మేజిస్ట్రేటు దగ్గర, అదీ ఇష్టపడి చెప్పాలి.

ఇదేదో చాదస్తం అనుకోకండి. పిల్లని పోగొట్టుకున్నవాళ్లు మా ఆఫీసుకొచ్చి "ఆడు ఒప్పీసుకున్నాడు కదా బాబూ, ఇంకా ఈ వాయిదాలేటి, మీరే లాగుతున్నారా" అని వకీలు గారినే అనుమానంగా చూసేవారు. వాళ్లకి అది ఎక్కడ నేర్పుతున్నారో ఇప్పుడు తెలిసింది.

ఆ తల్లినే కోర్టు వరండాలో, మూడో వాయిదాకి టిఫిన్ డబ్బాతో కూర్చోబెట్టుంటే ఆవిడ ఇంకెంత చేసుండేదో. ఈసారి మీ రివ్యూలో యాక్టర్లతో పాటు రాసినాయన గురించి కూడా రెండు లైన్లు వెయ్యండి సార్.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా