శనివారం ఆవకాయ ప్యాకింగ్: అందరూ చదవండి

అక్కలూ, వదినలూ, అందరికీ నమస్తే.

ఈ సీజన్ మొదటి బ్యాచ్ ఆవకాయ శనివారం ఉదయం 8 గంటలకు ప్యాక్ చేస్తున్నాం. మూడో రోజు తిరగకలిపాక ఊట బాగా వచ్చింది, రంగు కూడా ఎర్రగా దిగింది.

జాడీలు శుక్రవారమే వేడినీళ్లతో కడిగి ఎండలో బోర్లించాలి. శనివారం పొద్దున ఒక్కో జాడీలో పొడి గుడ్డ తిప్పి చూడండి. గుడ్డకు చెమ్మ తగిలితే ఆ జాడీ పక్కన పెట్టేయండి, మొహమాటం వద్దు. బూజు పట్టేది అక్కడినుంచే. ముక్కలపైన వేలి మందాన నూనె తేలాలి.

నింపే ముందు పీహెచ్ మీటర్‌ను (పులుపు కొలిచే పరికరం) పీహెచ్ 4, 7 ప్రామాణిక ద్రావణాల్లో సరిచేసుకుని బ్యాచ్‌లో మూడు చోట్ల చూడండి. ఏ ఒక్కచోట పీహెచ్ 4.6 దాటినా పులుపు చాలనట్టే, ప్యాకింగ్ ఆపి నాకు ఫోన్ చేయండి.

కారం, ఆవపిండి మిల్లు నుంచి వచ్చినవి కదా, రెండో బ్యాచ్‌కి కలిపే ముందు అయస్కాంతం తిప్పడం మర్చిపోవద్దు. ఇనుప రజను ఒక్కోసారి కంటికి కనిపించదు.

లేబుల్ అంటించేవాళ్లు బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, నికర బరువు, శాకాహార గుర్తయిన ఆకుపచ్చ చుక్క ఉన్నాయో లేదో చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టండి. ప్రతి బ్యాచ్‌లో రెండు జాడీలు గడువు తేదీ దాకా మన దగ్గరే ఉంచుతాం. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే తీసి చూడ్డానికి అవే ఆధారం. వాటిని అమ్మకానికి పంపొద్దు.

గాజులు, ఉంగరాలు ఇంట్లోనే ఉంచి రండి. తలకి టోపీ తప్పనిసరి. చేతికి గాయమున్నవాళ్లు లేబుళ్ల దగ్గర కూర్చోండి.

ఎవరెవరు వస్తున్నారో రేపు రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి.