దుమ్ముకీ పొగకీ విడివిడి లెక్కలా?

అయ్యా,

పోయిన ఆదివారం మీరు వేసిన ఆస్బెస్టాస్ వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపంగా రాస్తే మీరు ఎలాగూ వెయ్యరని ఆగాను. ఐదు రోజులైంది, కోపం మాత్రం తగ్గలేదు.

దుమ్ము ఊపిరితిత్తుల్లో సూదుల్లా గుచ్చుకుంటుందట, సిగరెట్ పొగ తన హాని తాను చేస్తుందట, "దేని దారి దానిదే"నట. ఆ చివరి మాట దగ్గరే నా పేచీ. 1979లో హామండ్, సెలికాఫ్, సైడ్‌మన్ అనే ముగ్గురు అమెరికా, కెనడాల్లోని ఇన్సులేషన్ పనివాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల లెక్క తీశారు. ఆస్బెస్టాస్, సిగరెట్ రెండూ ఎరగని వాళ్లతో పోలిస్తే, ఒక్క ఆస్బెస్టాస్ పీల్చిన వాళ్లకి ముప్పు 5 రెట్లు, ఒక్క సిగరెట్ తాగిన వాళ్లకి 11 రెట్లు. రెండూ ఉన్నవాళ్లకి 53 రెట్లు. తర్వాతి పరిశోధనల్లో అంకెలు అటూ ఇటూ అయ్యాయి గానీ, రెండూ కలిస్తే మామూలు కూడికని మించుతుందన్న సంగతి అలాగే ఉంది. మీ వ్యాసకర్త కూడిక ప్రకారం (మామూలు ముప్పు 1, దానిపైన దుమ్ము వల్ల 4, సిగరెట్ వల్ల 10) 15 దగ్గర ఆగాలి మరి!

అసలు జరిగేది ఇలా అని పరిశోధకుల అంచనా. ఆస్బెస్టాస్ పోగు ఊరికే లోపలికి రాదు, పొగలోని బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలని ఒంటికి అంటించుకుని వస్తుంది. అలా వచ్చిన బెంజోపైరీన్ కణం పొరల్లోకి తేలిగ్గా దిగిపోతుందని ల్యాబుల్లో చూశారు. అది నీళ్లలో కరగదు కాబట్టి కణం దాన్ని కరిగేలా మార్చి బయటికి తోలాలని చూస్తుంది. పి450 అనే ఎంజైములు ఆ పని మొదలుపెడతాయి. చిక్కేమిటంటే మధ్యలో తయారయ్యే పదార్థమే అసలు విషం, డీఎన్ఏకి అతుక్కునేది అదే. దాన్ని వెంటనే పట్టుకుని, గ్లూటాథయోన్ అని కణం తనే తయారుచేసుకునే రక్షణ పదార్థాన్ని తగిలించి సాగనంపడం రెండో మెట్టు. దుమ్ము దెబ్బ కొట్టేది ఇక్కడే. క్రోసిడొలైట్, అమోసైట్ అనే ఆస్బెస్టాస్ రకాల్లో ఉండే ఇనుము ఆక్సిజన్‌ని రెచ్చగొట్టి కణాలని దెబ్బతీసేలా చేస్తుంది. పోగు మరీ పొడవైతే దాన్ని మింగబోయిన భక్షక కణం సగం మింగి, మింగలేక కక్కలేక, అదీ అలాంటి ఆక్సిజన్‌నే వదులుతూ ఉంటుంది. ఉన్న గ్లూటాథయోన్ ఆ మంట ఆర్పడానికే ఖర్చయిపోతే విషాన్ని సాగనంపేది ఎవరు? గోరుచుట్టు మీద రోకలిపోటు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఒక్క ఆస్బెస్టాసే కాదు. పలుగురాతి సిలికా, బొగ్గు దుమ్ము పీల్చిన ఎలుకల ఊపిరితిత్తుల్లో కొన్ని పి450 ఎంజైముల పని మందగించింది. మందగిస్తే మంచిదేగా అనకండి, వేరే విషాలని విరిచేదీ అవే ఎంజైములు. ఏ దుమ్ము, ఎంత, ఎన్నాళ్లు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఇంత కథకి మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. మాస్కుల ఫోటోలు మాత్రం మూడున్నాయి.

ఇరవై రెండేళ్లు ఈ పోగులు లెక్కపెట్టడమే నా ఉద్యోగం. పనిచోటి గాలిని లాగిన ఫిల్టర్ ముక్కకి అసిటోన్ ఆవిరి పట్టిస్తే తెల్లటిది కాస్తా గాజులా అయిపోతుంది. ట్రైఅసిటిన్ అనే ద్రవం ఒక చుక్క వేసి, కవర్ స్లిప్ మూసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. 5 మైక్రాన్లకి మించి పొడవు, 3 మైక్రాన్లలోపు వెడల్పు, వెడల్పుకి మూడు రెట్లు మించి పొడవు ఉంటేనే అది పోగు. మిగతాదంతా లెక్కలోకి రాదు. ఒకసారి ఒకే మనిషి కాలర్‌కి తగిలించిన రెండు శాంపిళ్లు వచ్చాయి. పోగులది నాకు, తారు పొగది పక్క గదికి. రెండూ పరిమితిలోపే, అదీ బొటాబొటీగా. రెండు రిపోర్టులు, రెండు సంతకాలు, రెండు ఫైళ్లు. "రెండూ పీల్చింది ఒక్కడే కదా సార్" అన్నాను తనిఖీకి వచ్చిన అధికారితో. "ఆ కాలమ్ ఫారంలో లేదండీ" అన్నాడాయన. నిజమే, లేదు. పాపం ఆ ఊపిరితిత్తులకి ఫారం చదవడం రాదు.

పైన ఉన్నవాళ్లు ఇంతకన్నా మేలా? ప్రమాదకర రసాయనాల ఎగుమతి, దిగుమతుల మీద దేశాలు చేసుకున్న రాటర్‌డామ్ ఒప్పందం జాబితాలో తెల్ల ఆస్బెస్టాస్‌ని చేర్చమని నిపుణుల కమిటీ చెప్పి ఏళ్లు గడిచాయి. అదేం నిషేధం కాదు, సరుకు పంపేముందు ఇది ప్రమాదమని కొనే దేశానికి చెప్పి ఒప్పుకోలు తీసుకోమనడమే. అందరూ సరే అంటేనే చేరుస్తారు కాబట్టి, ప్రతి సమావేశంలోనూ నాలుగైదు దేశాలు అడ్డంగా తల ఊపితే చాలు, ఫైలు మళ్లీ అటక మీదికి.

ఒకప్పుడు సైన్సు పేజీ అచ్చుకి పోయేముందు తెలిసినవాళ్లెవరికైనా చూపించేవారు. ఇప్పుడు ఫోటో కింద ఏముందో కూడా ఎవరూ చూస్తున్నట్టు లేదు. "ఆస్బెస్టాస్ పోగులు" అని మీరు వేసిన ఆ గులాబీ రంగు దూది గాజునార. సవరణ వేస్తే దానికీ వేయండి, "దేని దారి దానిదే"కీ వేయండి. చోటు చాలకపోతే మాస్కు ఫోటో ఒకటి తగ్గించుకోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్