పిట్టకథని పిట్టకథ అనే చెప్పించండి, మంత్రి గారూ

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం ఏ సినిమానీ ఆపించమని కాదు, ఏ సీనూ కత్తిరించమని కూడా కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే రామాయణ భారతాల సినిమాల గురించి మంత్రికి ఉత్తరం అనగానే "బ్యాన్ చేయండి" అనే ఉంటుందని అందరూ అనుకుంటారు. నేను అడిగేది చాలా చిన్నది. ఇతిహాసం మీద సినిమా తీసినవాళ్ళు ఆ కథ ఏ గ్రంథం నుంచి తీసుకున్నారో, అందులో లేనివి తాము ఏం కలిపారో తెర మీద నాలుగు లైన్లలో రాయాలి. అంతే.

ఇది నా మనసులో ఎలా పడిందో చెప్తాను. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో రామాయణంలో నచ్చిన ఘట్టం ఏదైనా రాయమంటే సీతాపహరణం రాశాడు. రావణుడు పెద్ద గబ్బిలం లాంటి జంతువు మీద వచ్చి సీతమ్మని ఎత్తుకుపోయాడని రాశాడు. టీచర్ గారు అది కొట్టేసి పైన ఎర్ర ఇంకుతో "పుష్పక విమానం" అని దిద్ది పంపారు. వాడు ముఖం చిన్నబుచ్చుకుని "అమ్మా, నేను సినిమాలో చూశానే" అన్నాడు. సరే, అసలేముందో చూద్దామని ఇంట్లో ఉన్న వాల్మీకి రామాయణం, తెలుగు తాత్పర్యం ఉన్నది, తీసి అరణ్యకాండ తిరగేశాను. వాడు రాసిందీ లేదు, టీచర్ గారు దిద్దిందీ లేదు.

అక్కడ ఉన్నది గాడిదలు కట్టిన రథం. ఆ గాడిదలకి పిశాచాల ముఖాలు. జటాయువు వాటిని చంపి, రథాన్ని విరగ్గొట్టిన తర్వాత రావణుడు సీతని పట్టుకుని తానే ఆకాశంలోకి ఎగురుతాడు. సీతని పుష్పకం ఎక్కించడం వాల్మీకంలో ఉంది, కాకపోతే అది తర్వాత లంకలో, నాగాస్త్రం దెబ్బకి పడిపోయిన రామలక్ష్మణుల్ని ఆమెకి చూపించడానికి. మేమిద్దరం ఆ రాత్రి చాలాసేపు ఆ పిశాచ ముఖాల గాడిదల గురించే మాట్లాడుకున్నాం. ఇంత వింత ఊహ మూలంలోనే ఉంటే కొత్త జంతువుని ఎందుకు పెట్టారని వాడు అడిగాడు. నాకు టీచర్ గారి మీద కోపం లేదు. ఆవిడకి తెలిసిందీ ఏ పాత సినిమాలోనో, ఏ కాలెండర్ బొమ్మలోనో చూసిందే అయ్యుంటుంది. ఒక సినిమా చెప్పినదాన్ని ఇంకో సినిమా చెప్పినదానితో దిద్దుకుంటున్నాం, పుస్తకం మాత్రం బీరువాలో ఉంది.

గాడిదలా, గబ్బిలమా అన్నది పెద్ద విషయం కాదని మీరు అనొచ్చు. నిజమే, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ అన్ని కల్పనలూ అలాంటివి కావు.

లక్ష్మణ రేఖ సంగతి చూడండి. వాల్మీకి రామాయణంలో అరణ్యకాండలో లక్ష్మణుడు ఏ గీతా గీయడు. సీత మాటలు పడలేక, ఆమెని ఒంటరిగా వదలలేక, వనదేవతలు నిన్ను కాపాడాలి అని చెప్పి బాధతో వెళ్తాడు. సన్యాసి వేషంలో వచ్చినవాడికి సీత అతిథి మర్యాద చేస్తుంది. దాటడానికి అక్కడ గీతే లేదు. కానీ నేను పెరిగిన ఇంట్లో, బహుశా ఈ దేశంలో చాలా ఇళ్ళల్లో, ఆడపిల్లకి చెప్పిన నీతి ఏమిటి? "గీత దాటితే సీతమ్మకే ఏమైందో చూశావుగా." చీకటి పడ్డాక ట్యూషన్ నుంచి వస్తే అదే మాట, కాలేజీకి దూరం వెళ్తానంటే అదే మాట. ఎత్తుకుపోయిన వాడి తప్పు కాస్తా గీత దాటిన ఆమె తప్పు అయిపోయింది. నాకు ముప్పై ఏళ్ళు దాటాక గానీ తెలియలేదు ఆ గీత మూలంలో లేదని. అప్పుడు నాకొచ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది.

ద్రౌపదిదీ ఇదే కథ. మయసభలో నీళ్ళలో పడ్డ దుర్యోధనుణ్ణి చూసి ఆమె "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే" అందని మనందరికీ తెలుసు అనుకుంటాం. వ్యాసభారతంలో ఆ మాట ఆమె నోట లేదు. పడిపోయినప్పుడు భీముడూ మిగతావాళ్ళూ నవ్వుతారు. ద్రౌపది కూడా ఆడవాళ్ళతో కలిసి నవ్విందని దుర్యోధనుడు ఇంటికెళ్ళి తండ్రి దగ్గర చెప్పుకుంటాడు. అంతవరకే. కానీ తెర మీద ఆ డైలాగ్ పడ్డాక, కురుక్షేత్రం అంతా ఒక ఆడదాని నోటి దురుసు వల్ల వచ్చిందన్న మాట ఊరూరా పాకిపోయింది. జూదమాడింది ఎవరు, పణం పెట్టింది ఎవరు, జుట్టు పట్టుకుని సభకి ఈడ్చింది ఎవరు అన్నవి వెనక్కి పోయాయి.

ఇవన్నీ సినిమావాళ్ళే పుట్టించారని నేను అనడం లేదు. చాలావరకు తరవాతి కవులవీ, జనపదాలవీ. మన పండితులు వీటికి "అవాల్మీకాలు" అని పేరు కూడా పెట్టుకున్నారు. అహల్య రాయిగా మారడం, శబరి పళ్ళు కొరికి ఇవ్వడం కూడా వాల్మీకంలో లేవు. వాల్మీకి అహల్య ఎవరికీ కనబడకుండా, గాలి తప్ప ఆహారం లేకుండా, బూడిదలో పడి తపస్సు చేస్తుంది. తమిళ కవి కంబడి రామాయణంలో రావణుడు సీతని ముట్టుకోడు, కింద నేలతో సహా పెకలించి ఎత్తుకుపోతాడు. మన తెలుగు ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళ పద్నాలుగేళ్ళూ నిద్రపోతుంది. ఈ ఊహలు నాకు ప్రాణం. ఊర్మిళ నిద్ర పాట మా అమ్మమ్మ పాడుతుంటే విన్నదాన్ని, దాన్ని ఎవరైనా తప్పు అంటే ఊరుకోను.

1957లో వచ్చిన మాయాబజార్ సంగతే తీసుకోండి. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరని. పైగా ఆ సినిమాలో పాండవులు ఐదుగురిలో ఒక్కరూ కనిపించరు. భారతం మీద సినిమా, పాండవులు లేరు! అయినా తెలుగువాళ్ళు దాన్ని గుండెల్లో పెట్టుకున్నారు. కల్పన తప్పని అనేవాళ్ళు ముందు ఆ సినిమాని వదులుకోవాలి, నేను వదులుకోను.

మరి నా బాధేమిటి? నేను చిన్నప్పుడు తాతయ్యతో హరికథలకి వెళ్ళేదాన్ని. హరిదాసు గారు కథ నడుపుతూ నడుపుతూ ఒక చోట ఆగి, చిడతలు ఆపి, "ఇక్కడొక పిట్టకథ" అని చెప్పి మరీ మొదలుపెట్టేవారు. జనం సర్దుకుని కూర్చునేవారు. అది అయ్యాక "సరే, మన కథలోకి వద్దాం" అని మళ్ళీ రామాయణంలోకి వచ్చేవారు. ఆ పిట్టకథలో ఆయన ఏమైనా చెప్పొచ్చు, ఎంతైనా నవ్వించొచ్చు, అది ఎవరి కథో మాకు తెలుసు. తోలుబొమ్మలాటలోనూ అంతే. రామరావణ యుద్ధం మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి ఎంత అల్లరి చేసినా వాళ్ళు వాల్మీకి మనుషులు కారని చిన్నపిల్లాడికి కూడా తెలిసేది, ఎందుకంటే వాళ్ళ బొమ్మే వేరు, వాళ్ళ మాటే వేరు. చదువురాని జనానికి కూడా మూలం ఏదో, కలిపింది ఏదో తెలిసే ఏర్పాటు మన కళల్లోనే ఉండేది. సినిమాకి వచ్చేసరికి ఆ ఏర్పాటు పోయింది. కోట్లు పెట్టి తీసిన గ్రాఫిక్స్‌లో వాల్మీకి ఊహా, రచయిత ఊహా ఒకే వెలుగులో, ఒకే సంగీతంతో వస్తాయి. పిల్లాడికి తేడా ఎలా తెలుస్తుంది?

ఇది మీ శాఖకి కొత్త కాదు. 1987లో దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ వచ్చినప్పుడు వాల్మీకి, తులసీదాసుల పేర్లతో పాటు కంబ రామాయణం, మన రంగనాథ రామాయణం లాంటి వాటి పేర్లు కూడా ఆధారాలుగా టైటిల్స్‌లో వేశారు. ఏ సీన్ దేన్నుంచి తీసుకున్నారో అందులో లేదు గానీ, కనీసం రామాయణం ఒక్కటి కాదు అన్న సంగతి ఆదివారం పొద్దున టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి చెప్పారు. ప్రభుత్వ చానల్‌లో అప్పుడు చేసింది ఇప్పుడు థియేటర్లలో ఎందుకు చేయలేం?

డిస్‌క్లెయిమర్లు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. కానీ అవి ఎవరి కోసం ఉన్నాయో చదివితే తెలుస్తుంది. "ఇది ఫలానా కావ్యం స్ఫూర్తితో తీసినది, సృజనాత్మక స్వేచ్ఛ తీసుకున్నాం, ఎవరి మనోభావాలూ గాయపరచే ఉద్దేశం లేదు" అని గబగబా వచ్చి పోతుంది. అది నిర్మాత లాయర్ కోసం రాసింది. చూసేవాడికి దాన్నుంచి ఒక్క ముక్క కూడా తెలియదు. 2023 జూన్‌లో ఆదిపురుష్ వచ్చినప్పుడు ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. డిస్‌క్లెయిమర్ ఉంది, యూ సర్టిఫికెట్ ఉంది. అయినా గొడవ ఆగలేదు, విడుదలయ్యాక డైలాగులు మార్చారు, అలహాబాద్ హైకోర్టు సెన్సార్ బోర్డునీ నిర్మాతల్నీ గట్టిగా తప్పుపట్టింది, చివరికి సర్టిఫికెట్ రద్దు చేయమన్న పిటిషన్‌ని జూలైలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. సుప్రీంకోర్టు చేసింది సరైన పనే అని నా అభిప్రాయం. సినిమా నచ్చకపోతే చూడకపోవడమే దానికి శిక్ష. కానీ ఆ రెండు నెలల రభసలో ఎవరికీ రామాయణం గురించి కొత్తగా ఒక్క విషయం తెలియలేదు. "మా రామాయణం ఇది కాదు" అని అరిచినవాళ్ళలో ఎంతమంది రామాయణం లక్ష్మణ రేఖ ఉన్న రామాయణమో నాకు అనుమానమే.

మూలంలో లేనిది కలపడమే కాదు, ఈ మధ్య ఉన్న దేవుళ్ళని తీసేయడం కూడా ఒక పద్ధతి. అస్త్రాలు మిసైళ్ళు అవుతాయి, వానరులకి తోకలు పోయి అడవి జాతి మనుషులు అవుతారు. అదీ ఒక ఆలోచనే, తీయనివ్వండి. కాకపోతే వాల్మీకి వానరులకి తోక ఉంది, లంక తగలబడింది ఆ తోకతోనే. తోక తీసేశాను అని దర్శకుడు ఒక మాట చెప్తే చాలు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదని నా ఉద్దేశం. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని మీరు 2023లో సవరించారు, 2024లో కొత్త సర్టిఫికేషన్ రూల్స్ తెచ్చారు, యూఏని ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడుగా విడగొట్టారు. పిల్లలు ఏం చూస్తున్నారో తల్లిదండ్రులకి తెలియాలన్నదే కదా దాని ఉద్దేశం. నేను అడిగేదీ అదే. సిగరెట్ తాగే సీన్ వస్తే కింద హెచ్చరిక వేయిస్తున్నారు, జంతువులకి హాని జరగలేదని ముందే రాయిస్తున్నారు. ఇతిహాసం మీద తీశామని పోస్టర్ మీద చెప్పుకునే సినిమా, ఆ ఇతిహాసం ఏ కవిదో కూడా చెప్పాలి.

ఇందులో భయాలు ఉన్నాయి, నాకూ ఉన్నాయి. ఒకటి, ఈ లైన్లు పట్టుకునే ఎవరో ఒకరు కోర్టుకి వెళ్తారు, "చూశారా, మూలం మార్చామని వీళ్ళే ఒప్పుకున్నారు" అంటారు. అందుకే రూల్‌లోనే స్పష్టంగా ఉండాలి, మార్చామని చెప్పడం వల్ల సర్టిఫికెట్ ఆపడం గానీ సీన్ కట్ చేయడం గానీ కుదరదని. అలా లేకపోతే ఈ రూల్ అసలు వద్దు, నా ఉత్తరం చింపేయండి. ఇంకోటి, మూలం అంటే ఏది అని పండితులే తగువులాడుకుంటారు. భారతానికే పుణెలో భండార్కర్ సంస్థ వాళ్ళు 1919 నుంచి 1966 దాకా వెయ్యికి పైగా రాతప్రతులు పోల్చి ఒక శుద్ధ ప్రతి తెచ్చారు, అయినా అదే చివరి మాట అని అందరూ ఒప్పుకోరు. కాబట్టి ఏది మూలమో బోర్డు తేల్చకూడదు. సినిమా తీసినవాళ్ళే చెప్పాలి, మేం ఫలానా కవి కావ్యం, ఫలానా ప్రచురణ చూశాం అని. ఏ పుస్తకమూ చూడలేదు, విన్న కథలే తీశాం అంటే అదే రాయనివ్వండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ముందే చెప్తే కథలో మలుపు తెలిసిపోతుందని దర్శకులు అంటే, సినిమా అయ్యాక లైట్లు వేసే ముందు చూపించనివ్వండి. చిన్న అక్షరాల్లో పరిగెత్తించకుండా పిల్లలు చదవగలిగేంత సేపు నిలపాలి, డబ్బింగ్ సినిమా అయితే ఆ భాషలోనే ఉండాలి. ఈ రెండూ మాత్రం తగ్గించొద్దు.

తదుపరి రూల్స్ సవరణకి మీరు జనం అభిప్రాయాలు అడిగినప్పుడు ఈ ఉత్తరాన్నే నా అభిప్రాయంగా తీసుకోండి. సినిమా సర్టిఫికెట్ దరఖాస్తులో ఇందుకోసం ఒక గడి పెట్టించండి, అది ఇలా ఉంటే చాలు: "ఈ సినిమా కథకి ఆధారం ఏది? ఆ ఆధారంలో లేని ముఖ్యమైన పాత్రలు, ఘట్టాలు, మాటలు ఏవి?"

భవదీయురాలు,
ఒక తల్లి, పురాణ సినిమా వస్తే మొదటి వారమే చూసే ప్రేక్షకురాలు