గాల్లో గంటలు కాదు, గుమ్మం నుంచి గుమ్మానికి ఎంతసేపో రాయండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు అని ప్రయాణాల పేజీల్లో, ఫోన్లో ఒక్క ముక్కలో వేసేస్తున్నారు. అది నమ్మి మా అమ్మని ఇబ్బంది పెట్టాను, అందుకే ఈ ఉత్తరం.

అమ్మకి 71 ఏళ్లు, షుగర్ ఉంది. చెల్లి పురిటికి కాలిఫోర్నియా పంపుతూ ఫోన్లో చూస్తే 13,300 కిలోమీటర్లు, పదిహేనున్నర గంటలు అని ఉంది. రెండు పూటల మాత్రలు హ్యాండ్‌బ్యాగులో పెట్టి, మిగతా షీట్లన్నీ పెద్ద సూట్‌కేసులో ఆవకాయ డబ్బా పక్కన సర్దేశాను. అది ఇక్కడ కౌంటర్లో ఇచ్చేస్తే మళ్లీ కనబడింది అమెరికాలోనే.

మద్దిలపాలెంలో ఇల్లు కదిలింది సాయంత్రం 5కి. ఢిల్లీకి రెండుంబావు గంటలు, అక్కడ ఐదు గంటలు పైనే కూర్చోవడం, తెల్లవారుజామున 4కి పెద్ద విమానం, అందులో 16 గంటలు, దిగాక ఇమిగ్రేషన్ క్యూ, సామాను, కారులో ఇంకో గంట, వెరసి చెల్లి ఇంట్లో అడుగు పెట్టేసరికి మన టైము మర్నాడు రాత్రి 11. అంటే 30 గంటలు! మాత్రలు అయిపోయాయి, తినాలో వద్దో తెలియక ట్రేలో అన్నం అలాగే వదిలేసి పెరుగు కప్పు ఒక్కటి తిని కూర్చుందట. అది విన్నప్పుడు నాకు గుండె తరుక్కుపోయింది.

టికెట్ చూస్తే ఇంకా అయోమయం. 4కి బయలుదేరి అదే తారీకున ఉదయం ఏడున్నరకి దిగుతుందని ఉంది. మూడున్నర గంటలేనా అని అమ్మ అడిగింది, అడగదా మరి? టికెట్ మీద ఎక్కడి టైము అక్కడిదే వేస్తారు, శాన్‌ఫ్రాన్సిస్కో వేసవిలో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర.

దూరం మాటా అంతే. మా అబ్బాయి గ్లోబు మీద ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం బిగించి పట్టుకుంటే అది ఉత్తర ధ్రువం పక్కనుంచి పోయింది. ఆ దగ్గరి దారి సుమారు 12,400 కిలోమీటర్లు, కానీ విమానం ఆ దారమ్మటే పోవాలని లేదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా విమానం 13,900 కిలోమీటర్ల అట్లాంటిక్ దారి మానేసి పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు పోయింది, పడమటి నుంచి తూర్పుకి వీచే పైగాలి వెనక నుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లోనే దిగింది. దారి పెరిగింది, టైము తగ్గింది. మరి దూరాన్ని వేగంతో భాగించి చెప్పే గంటలు ఎవరికి పనికొస్తాయి?

దయచేసి మీ పేజీలోనైనా మధ్యలో ఆగే సమయం, దిగేసరికి మన గడియారంలో ఎంతవుతుందో కలిపి వేయండి. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు గురించి రాసినప్పుడు గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లకి అక్కడిదాకా రోడ్డు మీద ఎంత పడుతుందో కూడా చెప్పండి, విశాఖ నుంచే 40 కిలోమీటర్లు పైన కదా.

అమ్మ వచ్చే నెల తిరిగొస్తోంది. ఐదు రోజుల మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే పెట్టమని చెల్లికి చెప్పాను.

- ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం