మాసా నేర్పిన పెద్దావిడకు థాంక్స్

అమెరికాలోని శాన్ ఆంటోనియోలో మా ఇంటి దగ్గరి మెక్సికన్ బేకరీలో పనిచేసే పెద్దావిడకు ఈ నాలుగు మాటలు. డిసెంబరు, తమాలేల (మొక్కజొన్న పొత్తు పొరల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం) ఆర్డర్లతో ఊపిరాడని రోజులు. అయినా వాటికి వాడే మొక్కజొన్న పిండిముద్ద, అదే మాసా, ఎలా చేస్తారో చూడాలనుందంటే విసుక్కోకుండా లోపలికి రమ్మన్నారు.

మొక్కజొన్న పిండిలో నీళ్లు పోసి కలిపేస్తే మాసా అయిపోదు. ఎండు గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా అందులోనే వదిలేయాలి. కిలోకు పది గ్రాముల సున్నం చాలట. నానిన గింజ ఒకటి నా వేళ్ల మధ్య పెట్టి నలపమన్నారు. పొట్టు జారుతూ ఊడొచ్చింది. అదే గుర్తు! తర్వాత బాగా కడిగి, తడిగానే రాతి మిల్లులో రుబ్బారు. చిన్న ఉండ చేసి నొక్కితే అంచులు పగిలాయి. కాసిని నీళ్లు చిలకరించి మళ్లీ పిసికారు, ఈసారి పగల్లేదు.

సున్నం రుచికే అనుకునేదాన్ని. గింజలో ఉండే నియాసిన్ అనే బి విటమిన్ ఒంటికి పట్టేది దానివల్లేనట. ఈ పద్ధతి లేకుండా మొక్కజొన్న మీదే బతికిన అమెరికా దక్షిణాది పేదల్ని వందేళ్ల కిందట నియాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా అనే జబ్బు పీడించింది. జొన్నలే ప్రధాన తిండిగా ఉన్న మన దక్కన్‌లోనూ ఆ జబ్బు ఉండేది.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు, పైగా పిండి కట్టిచ్చారు. పేరడిగితే నవ్వి ఊరుకున్నారు. అటువైపు వెళ్లే తెలుగువాళ్లెవరైనా నా తరఫున ఆవిడకు ఓ నమస్కారం పెట్టండి.